కాలి కింద గాలి

హిందూపురంలో మా మేడ మీద గదికి వచ్చే పిల్లలు కంప్యూటరును, స్పీకర్లను ఒకసారి చూసి, తర్వాత బల్ల కిందికి వంగుతారు. అక్కడ ఒక నల్లటి పెడల్ ఉంటుంది. దానికి పాత మోపెడ్ స్టాండు స్ప్రింగు బిగించి ఉంటుంది. "ఇదేంది మేడం?" అని అడుగుతారు. "నా ఆర్కెస్ట్రా" అంటాను. నవ్వుతారు. కొందరు ఫోటో తీసుకుంటారు. ఈ కాగితాలు రాయడానికి కారణం ఆ నవ్వే. పని మానేసి ఏడాదైంది, చెప్పడానికి తీరిక దొరికింది.

ముప్పై ఏళ్ళు నేను చేసిన పని ఇది. సినిమాలకు, సీరియళ్ళకు, నాట్య ప్రదర్శనలకు కావలసిన పెద్ద ఆర్కెస్ట్రాను గదిలో ఒక్కదాన్నే కూర్చుని తయారుచేయడం. ఎక్కడో మంచి హాల్లో మంచి వాద్యకారులు ఒక్కో స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, పొడవుగా, పొట్టిగా వాయిస్తే రికార్డు చేసి పెట్టిన శబ్దాలు ఉంటాయి. వాటిని శాంపిల్స్ అంటారు. నేను కీబోర్డు మీద మెట్టు నొక్కితే ఏ స్వరం, ఎంత బలంగా, ఎంతసేపు అన్న సంగతి మిడి అనే భాషలో కంప్యూటరుకు వెళ్తుంది. అది తగిన శబ్దాన్ని తీసి పలికిస్తుంది. చెప్పుకుంటే ఇంతే. ఆ శబ్దాల వెనక మనుషులున్నట్టు వినిపించడానికి మాత్రం నాకు సగం జీవితం పట్టింది.

ఏ శాంపిల్స్ కొనాలి, ఏ కంప్యూటరు మంచిది అని నన్ను అడగొద్దు. నేను చెప్పేది అచ్చయ్యేలోపు అవి పాతబడిపోతాయి. కాళ్ళ సంగతి చెప్తాను.

నాయన పెట్టె

మాది పెనుకొండ. మా నాయన పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. చేతి పెట్టె కాదు, కాళ్ళ హార్మోనియం. బల్లంత ఎత్తుంటుంది. కింద రెండు పెడళ్ళను మార్చి మార్చి తొక్కుతూ ఉంటే తిత్తుల్లోకి గాలి చేరుతుంది, పైన రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి. ఆడపిల్లకు ఇదెందుకని ఇంట్లో గొడవ జరిగింది. నాయన వినలేదు. కానీ ఆరు నెలలు నన్ను మెట్లు ముట్టుకోనివ్వలేదు.

"ముందు తొక్కేది నేర్చుకో పాపా. వేళ్ళు ఎవురికైనా తిరుగుతాయి" అనేవాడు.

గాలి ఎక్కువైతే పెట్టె అరుస్తుంది, తక్కువైతే మూలుగుతుంది. ఈ రెంటికీ మధ్య పాదం ఎక్కడ ఆగాలో చెవి చెప్పాలి. విసుగుతో ఏడ్చిన రోజులున్నాయి. అప్పటికి నాకు తెలియదు, నా బతుకుతెరువు మొత్తం ఆ ఆరు నెలల్లోనే నేర్చుకుంటున్నానని.

నాయన ముప్పై ఏళ్ళు వాయించింది ఎక్కువగా ఒకే నటుడికి. ఆయన పేరు నాగప్ప. మాకు చుట్టం కాడు గానీ నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. నల్లమాడ దగ్గర వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, పండించేవాడు, నాటకం ఉందంటే పొలం వదిలి బస్సెక్కేవాడు. ఎప్పుడూ రాజు వేషమే. పద్యం ఎత్తుకునే ముందు నాయన వైపు చూసి గడ్డం ఒక్కసారి పైకెత్తేవాడు. అంతే, నాయన కాలు వేసేవాడు. పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో ఆయనకే తెలియదు. జనం "వన్స్ మోర్" అని అరిస్తే మళ్ళీ మొదటి నుంచి పాడతాడు, ఈసారి ఇంకో రకంగా. మా వైపు నాటకంలో వన్స్ మోర్ పడని రాజు రాజే కాదు.

నాయన నాకు ఒక్క నియమం చెప్పాడు. "పాడేవాడు ఊపిరి తీసుకునేటప్పుడు నీ గాలి నిలపగూడదు. ఆడ సందు పడిందంటే జనం దగ్గుతారు."

ఆ నియమం నన్ను నిలబెట్టింది. దానికి ముందు ఒకసారి కూలదోసింది కూడా.

ఫ్లూటు వాయించేవాడు బతికే ఉన్నాడా?

బెంగళూరులో నాకు మొదట పని ఇచ్చినాయన గోవిందప్ప సార్. మడకశిర మనిషి, సగం కన్నడం, సగం తెలుగు. నోరు మంచిది కాదు, చెవి చాలా మంచిది. అలాంటి బాస్ దొరికితే నోటిని భరించండి. తీయగా మాట్లాడే ఇద్దరు బాసుల దగ్గర కూడా చేశాను. వాళ్ళ దగ్గర నేర్చుకున్నది ఏమీ లేదు.

ఒక సీరియల్లో అడవి దృశ్యం. హీరోయిన్ ఒంటరిగా నడుస్తుంటుంది. నేను ఫ్లూటు మీద ఒక పొడుగాటి వరుస కట్టాను. దాదాపు నిమిషం. ఎక్కడా తెగకుండా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. నాకు నేనే భుజం తట్టుకుని సార్‌కు వినిపించాను.

ఆయన కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి వినడం మొదలుపెట్టాడు. సంగీతం సాగుతున్న కొద్దీ ఆయన ముఖం కందిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. సగం దాకా వచ్చేసరికి గబుక్కున ఊపిరి వదిలి దగ్గాడు.

"ఏమమ్మా, నీ ఫ్లూటు వాయించేవాడు బతికే ఉండాడా? నేనైతే సచ్చిపోయింటి!"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. తప్పు ఎక్కడుందో మాత్రం వెంటనే తెలిసింది. నా కాళ్ళు నాటకంలోనే ఉన్నాయి. గాలి ఆగకూడదన్న నాయన నియమాన్ని తెచ్చి ఫ్లూటు మీద పెట్టాను. హార్మోనియానికి ఊపిరితిత్తులు తోలుతో చేసినవి, తొక్కినంత సేపూ అలసిపోవు. ఫ్లూటు పట్టుకున్నవాడికి ఉన్నది రెండే, అవీ మాంసంతో చేసినవి. పియానో నేర్చుకుని వచ్చినవాళ్ళు వేరే తప్పులు చేస్తారు. ఈ తప్పు మా నాటకాల వాళ్ళు మాత్రమే చేయగలరు.

సార్ నెల రోజులు నన్ను రికార్డింగులకు వచ్చే వాద్యకారుల పక్కన కూర్చోబెట్టాడు. "స్వరాలు వినొద్దు. వాటి మధ్యలో ఏం చేస్తాండారో చూడు" అన్నాడు. చూశాను. ఫ్లూటు ఆయన పొడవైన వరుసకు ముందు భుజాలు కొంచెం లేపుతాడు, చివరి స్వరాన్ని రాసినంత పొడవూ వాయించడు, కొంత దొంగిలించి ఊపిరి తీసుకుంటాడు. హార్న్ అనే ఇత్తడి బూర వాయించేవాళ్ళు గట్టిగా నాలుగు వరుసలు ఊదాక పెదవులు తుడుచుకుంటారు. వయొలిన్ కమాను చివరికొచ్చినప్పుడు తిప్పక తప్పదు, ఆ తిప్పడంలో శబ్దం పిసరంత సన్నబడుతుంది. పదిమంది కలిసి మొదలుపెట్టే స్వరం పదిమందికీ ఒకే క్షణాన మొదలుకాదు. ఈ లోపాలన్నీ కలిసి మనకు మనుషులుగా వినిపిస్తాయి.

తిరిగొచ్చి అదే వరుసను మళ్ళీ కట్టాను. నాలుగు చోట్ల ఊపిరి పెట్టాను, రెండు చోట్ల స్వరాన్ని ఆలస్యంగా అందుకున్నాను. సార్ విన్నాడు. పక్క గదిలోని ఫ్లూటు ఆయన్ని పిలిచి, "ఇది నువ్వెప్పుడు వాయిస్తివి?" అని అడిగాడు. ఆయన కాసేపు విని, గుర్తు రావడం లేదన్నాడు. ఆ రోజు బెంగళూరు నుంచి హిందూపురం దాకా రైల్లో నిలబడే వచ్చాను, కూర్చోవాలని కూడా తోచలేదు.

స్ప్రింగు

ఈ పనిలో చాలామంది స్వరాలు వేసి, తర్వాత మౌసుతో కంప్యూటరు తెర మీద గీతలు గీసి హెచ్చుతగ్గులు పెడతారు. గీసింది గీసినట్టే వినిపిస్తుంది. స్వరం వాయిస్తున్నప్పుడే దాని బలం కూడా మీ ఒంట్లోంచి రావాలి. కొందరికి కీబోర్డు మీద ఎడమ చేతికి అందే చిన్న చక్రం చాలు. నాకు కాలు కావాలి. కీబోర్డుకు తగిలించే పెడల్ దొరుకుతుంది, తొక్కితే శబ్దం పెరుగుతుంది. ఇబ్బంది ఏమిటంటే, వదిలిన చోటే ఉండిపోతుంది. నాయన పెట్టె అలా కాదు. మన కాలిని ఎదురు తన్నేది, ఒక్క క్షణం ఏమరితే పడిపోయేది. ఆ భయం వల్లే చెవి మేలుకుని ఉండేది.

సోమందేపల్లిలో హైవే పక్కన వెల్డింగు చేసే ఆయన దగ్గరికి ఆ పెడల్ తీసుకుపోయాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం బండిదక్కా ఇది?"

"బండిది కాదు నాయనా, పాటది. తొక్కితే ఎదురు రావాల."

ఆయన తల గోక్కుని, పాత మోపెడ్ స్టాండు స్ప్రింగు తెచ్చి బిగించాడు. ఇరవై ఏళ్ళయింది, ఇంకా బిగువు తగ్గలేదు. నా పనిముట్లలో ఇంతకు మించి మన్నింది లేదు.

ఇంకొక మాట, నచ్చకపోయినా వినండి. శబ్దానికి ప్రతిధ్వని పోసి తప్పులు కప్పేయడం మానుకోండి. ముందు ప్రతిధ్వని ఏదీ లేకుండా, పొడిగా వినండి. అలా విన్నప్పుడు సిగ్గేస్తే, ఆ సిగ్గు పోయేదాకా మళ్ళీ వాయించండి.

రాజు కంటే ముందే పోయిన సైన్యం

నాయన పోయాక నాగప్ప చిన్నాయన వేషం కట్టడం మానేశాడు. ఆరేళ్ళు. ఎవరడిగినా, "నాకు గాలి ఇచ్చేవాడు పోయినాడు" అనేవాడట.

ధర్మవరంలో ఒక పట్టుచీరల శెట్టిగారున్నారు. నాటకం పేరు చెబితే అంగడి కూడా మరిచిపోయే మనిషి. ఆయన కొత్తగా ఒక పద్యనాటకం రాయించారు. శత్రువులు చుట్టుముట్టాక పెనుకొండ కోట వదిలి వెళ్ళే ఒక రాజు కథ. చివర రాజు కోట గోడను తడిమి ఒక పద్యం పాడి, సైన్యంతో కదిలిపోతాడు. శెట్టిగారికి సినిమాలో లాగా పెద్ద ఆర్కెస్ట్రా కావాలి, రాజు వేషానికి నాగప్పే కావాలి. నేను వాయిస్తానంటే నాగప్ప ఒప్పుకుంటాడని నా దగ్గరికి వచ్చారు.

చిన్నాయన ఒప్పుకున్నాడు. "ఇదే ఆఖరిది. మళ్లా అడగొద్దు" అన్నాడు.

ఇక్కడ నేను నా జీవితంలోకెల్లా పెద్ద తప్పు చేశాను. నల్లమాడ పోయి ఆయన పద్యాన్ని ఫోనులో రికార్డు చేసుకున్నాను. ఆ పొడవుకు సరిగ్గా సరిపోయేలా ఆర్కెస్ట్రాను కట్టాను. గోడను తడిమినప్పుడు చెల్లోలు అనే మంద్రపు తీగ వాద్యాలు, ఆఖరి పాదానికి వయొలిన్లు, రాగం ముగియగానే హార్న్‌లూ డ్రమ్ములూ లేచి సైన్యం కదులుతుంది. ప్రతి ఫ్లూటుకూ ఊపిరి పెట్టాను. అంత బాగా ఎప్పుడూ కట్టలేదు. మూడు వారాలు పట్టింది. పద్యనాటకంలో పుట్టి పెరిగినదాన్ని, ఈ పద్యం రెండోసారి అలాగే రాదన్న సంగతి ఎలా మరిచిపోయానో ఇప్పటికీ అర్థం కాదు. పనితనం మీద మురిపెం ఎక్కువైతే చిన్నప్పటి చదువు కూడా ఎగిరిపోతుంది.

ధర్మవరంలో రిహార్సలు. ఆరేళ్ళ తర్వాత నోరు విప్పిన మనిషి, ఆఖరి పాదం మీద రాగం తీయడం మొదలుపెట్టాడు. ఫోనులో తీసిన దానికి రెండింతలు. ఆయన ఇంకా పైకి పోతుండగానే నా హార్న్‌లు లేచాయి. డ్రమ్ములు మోగాయి. ఆయన గొంతు వాటి కింద మునిగిపోయింది. చేయి గోడ మీదే ఉంచి, నోరు మూసుకుని, మొత్తం అయిపోయేదాకా నిలబడ్డాడు.

తర్వాత నా వైపు తిరిగి నిదానంగా అన్నాడు. "రాజు ఇంగా కోటలోనే ఉండాడు పాపా. నీ సైన్యం యాడికో పోయింది."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. స్టేజీ దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మీ నాయన బిడ్డవి గదా, గాలి ఉంటాదనుకుని వస్తి. నీ డబ్బాలో గాలి లేదమ్మా. ఆఖరి తూరి స్టేజీ మీద నగుబాటు అయ్యేదానికి నాకెందుకు? నేను పోతాండా."

చెప్పులేసుకుని బస్టాండుకు నడిచాడు. శెట్టిగారు తల పట్టుకున్నారు. ఆహ్వాన పత్రికలు పంచేశారు, హాలు మాట్లాడేశారు, నాటకానికి ఇంకా పది రోజులే ఉంది. నాకు మాత్రం ఆ పత్రికలూ హాలూ గుర్తులేవు. ఆ మనిషి ఇంక ఎప్పటికీ స్టేజీ ఎక్కడేమో, అందుకు నేనే కారణమేమో అన్న బాధ ఒక్కటే ఉంది.

పది రోజులు

మర్నాడు పొద్దున్నే నల్లమాడ పోయాను. చిన్నాయన కళ్ళంలో కాయలు ఎండబోస్తున్నాడు.

"చిన్నాయనా, తప్పు నాదే. ఈ తూరి డబ్బాలో ఏమీ పెట్టను. నీ ఎదురుగా కూర్చుని నేనే వాయిస్తా."

"వాయించేవాళ్ళు యాభై మంది ఉండారంటివి. అందర్నీ ఒగదానివే ఎట్ల వాయిస్తావు?"

"కాళ్ళతో."

ఆయన నా కాళ్ళ వైపు చూశాడు. "సరే, నాటకం రోజుకు వస్తా. రిహార్సలుకు మాత్రం రాను. మీ నాయన నాతో ఎన్నడన్నా రిహార్సలు చేసినాడా?"

మూడు వారాల పనిని తీసి పక్కన పెట్టాను. ఆర్కెస్ట్రాను విడగొట్టి మళ్ళీ పేర్చాను. ఎడమ చేతి కింద అన్నిటికంటే మంద్రంగా పలికే బేసులు, చెల్లోలు. కుడి చేతి కింద వయొలిన్లు. మిగతా అందరినీ పెడల్ మీద ఎక్కించాను. పాదం కొద్దిగా వేస్తే తీగ వాద్యాలు మాత్రమే, ఇంకొంచెం వేస్తే ఫ్లూటులు కలుస్తాయి, బలంగా తొక్కితే హార్న్‌లు లేస్తాయి, పూర్తిగా నేలకు అణిచితేనే డ్రమ్ములు. స్ప్రింగు ఎదురు తంతుంది కాబట్టి ఏమరుపాటున డ్రమ్ములు మోగే ప్రసక్తి లేదు.

ఇంకో చిక్కు ఉంది. స్వరం నుంచి స్వరానికి జారే మంచి శాంపిల్స్ మెట్టు నొక్కిన వెంటనే పలకవు, కాస్త ఆలస్యం చేస్తాయి. గదిలో అయితే తర్వాత తెర మీద ఆ స్వరాన్ని ముందుకు జరిపి సరిచేస్తాం. స్టేజీ మీద జరపడానికి ఏముంది? ఆయన పాడాక నొక్కితే నేను వెనకబడతాను. పాడకముందే నొక్కాలి. అప్పుడు బెంగళూరు ఫ్లూటు ఆయన గుర్తొచ్చాడు. గొంతు లేవడానికి ముందు భుజం లేస్తుంది. చిన్నాయన భుజం చూసి నొక్కాలి. అందుకోసం శెట్టిగారిని అడిగి, స్టేజీ పక్కన పూర్వం నాయన కూర్చునే చోటే బల్ల వేయించుకున్నాను.

వన్స్ మోర్

నాటకం రోజు హాలు నిండింది. మగ్గాలు ఆపి వచ్చినవాళ్ళు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, గోడలకు ఆనుకుని నిలబడినవాళ్ళు. చిన్నాయన వేషం కట్టుకుని నా ముందు నుంచే స్టేజీ ఎక్కాడు. నా వైపు చూడలేదు. మొదటి అంకమంతా చూడలేదు. చిన్న చిన్న పద్యాలు పాడాడు, నేను వాయిస్తూ ఆయన గొంతు వెనకాలే మెల్లగా నడిచాను. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

కోట గోడ దృశ్యం వచ్చింది. ఆయన గడ్డం ఎత్తలేదు. సంజ్ఞ లేకుండానే పద్యం ఎత్తుకున్నాడు, అదీ అనుకున్న శ్రుతికి ఒక మెట్టు పైన. నన్ను పరీక్షిస్తున్నాడు! నా చేతులు ఇంకా ఏ స్వరం మీదా పడలేదు. శ్రుతి మార్చే మీట ఒక్కసారి నొక్కి, బేసుల మీద వేలు వేశాను. అంతకాలం తిట్టుకుంటూ వాడిన యంత్రానికి ఆ ఒక్క క్షణం దణ్ణం పెట్టుకున్నాను.

మొదటి పాదం. ఆయన గొంతు కింద చెల్లోలు, వాటి మీద సన్నగా ఫ్లూటులు. పాదం చివర ఆయన ఊపిరి తీసుకున్నాడు. అక్కడ నా కాలుకు ఏం చేయాలో నేను చెప్పకుండానే తెలిసింది. కాస్త వదిలాను. ఫ్లూటులు ఆయనతో పాటు ఊపిరి తీసుకున్నాయి, తీగలు మాత్రం ఆగలేదు, సందు పడలేదు. గోవిందప్ప సార్ చెప్పిందీ నాయన చెప్పిందీ ఒకే పాదం కింద కలిశాయి. ఎవరూ దగ్గలేదు.

ఆఖరి పాదం మీద రాగం మొదలైంది. ఆయన భుజం లేచిన ప్రతిసారీ నేను ముందే అక్కడున్నాను. పైకి పోయాడు, పోయాను. కిందికి దిగి వచ్చి సన్నగా నిలిపాడు, స్ప్రింగు మీద పాదం వేళ్ళు మాత్రం ఆనించి యాభై మందిని ఒక దారం మీద నిలిపాను. మళ్ళీ లేచాడు. చేయి గోడ మీద నుంచి తీశాడు. అప్పుడు హార్న్‌లు లేచాయి. ఆయన ఒక అడుగు వేశాడు. పెడల్‌ను నేల దాకా అణిచాను. సైన్యం రాజుతో కలిసి కదిలింది.

హాలు దద్దరిల్లింది. వెనక వరుసలోంచి మొదలైంది, "వన్స్ మోర్! వన్స్ మోర్!"

చిన్నాయన ఆగాడు. వెనక్కి తిరిగి వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. మెల్లగా నా వైపు తల తిప్పి, గడ్డం పైకెత్తాడు.

కళ్ళు మసకబారాయి, మెట్లు కనబడలేదు. కాలు వేశాను.

ఆ రోజు ఆ పద్యం మూడుసార్లు పాడాడు, మూడూ మూడు రకాలు. మూడోసారి అయ్యాక జనం లేచి నిలబడి ఈలలు వేశారు. తెర పడగానే శెట్టిగారు పరుగెత్తుకొచ్చారు, ఎవరెవరో నా చేతులు పట్టుకుని ఊపారు. నేను గెలిచాను. ముప్పై ఏళ్ళలో ఆ మాట ధైర్యంగా అనుకున్నది అప్పుడే.

చిన్నాయన రంగు తుడుచుకోకుండానే, కిరీటంతోనే వచ్చాడు. నన్ను పక్కకు జరగమని నా కుర్చీలో కూర్చున్నాడు. వంగి బల్ల కిందికి చూసి, పెడల్ మీద పాదం పెట్టి నిదానంగా తొక్కాడు. స్ప్రింగు ఆయన కాలిని ఎదురు తన్నింది. ఇంకోసారి తొక్కాడు.

"గాలి ఉండాది పాపా" అన్నాడు.

తర్వాత తలెత్తి, అంత మంది మధ్యలోంచి గట్టిగా పిలిచాడు. "ఏమప్పా శెట్టీ! మళ్లా నాటకం ఎప్పుడు?"